తాడు లాగితే ఆగుతుంది

ఎల్మ్ గ్రోవ్, అయోవా
ఆగస్టు 10

బాబాయ్‌కి నమస్కారాలు.

ఫోన్ చేస్తే మీకు వినపడదు. వీడియో కాల్ చేస్తే పిన్ని మధ్యలో దుబాసీ పని చేస్తూ నా మాటలకి తన మాటలు కలిపేస్తుంది. అందుకే మనకి అలవాటైన ఈమెయిల్ ఉత్తరం. కాఫీ తెచ్చుకుని కూర్చోండి, కొంచెం పొడుగవుతుంది.

ముందు అసలు సంగతి చెప్పేస్తాను. మా షెడ్డులో ఒక యంత్రం ఉంది, దాన్ని చూస్తే నాకు భయం. నవ్వకండి.

ఇర్వింగ్‌లో అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి ఇక్కడికొచ్చి రెండేళ్ళు కావస్తోంది. మీ అల్లుడు పగలంతా ఇక్కడి రైతుల ధాన్యం సంఘం వాళ్ళ కంప్యూటర్లు చూస్తాడు, మిగతా టైమంతా ఊళ్ళోవాళ్ళు తనని ఎప్పుడు పలకరిస్తారా అని చూస్తాడు. పాపం, మంచివాళ్ళే, చెయ్యి ఊపుతారు. కానీ నరసింహ అన్న పేరు ఒక్కరి నోటా రాదు. ఇల్లు కొన్నప్పుడు షెడ్డూ, అందులో సామానూ మాకే వదిలేశారు కదా, మొన్న ఎండాకాలం సెలవల్లో దాన్ని శుభ్రం చేస్తుంటే వెనక గోడకి ఆనించి, టార్పాలిన్ కింద ఇది బయటపడింది.

ఎలా ఉంటుందో చెప్తాను. ముందు రెండు పొడుగాటి రేకు ముక్కులు నేలకి వంగి ఉంటాయి. వాటి మధ్య సందు. సందు లోపల రెండు ఇనుప రోలర్లు, ఒంటి నిండా మెలితిరిగిన గాట్లతో, ఒకదాన్నొకటి ఆనుకుని. చెరుకు రసం బండిలో రోలర్లని మనిషంత పొడుగు చేసి ఏటవాలుగా పడుకోబెడితే అలా ఉంటుంది. వెనక మంచమంత బల్ల, దాని మీద రేకు మూత, మూత కింద ఇంకొన్ని రోలర్లు. వాటిల్లో సగం రబ్బరువి. పక్కింటి లాయిడ్ గారు చూసి కార్న్ పికర్ అన్నారు. ఇప్పటి పెద్ద పెద్ద హార్వెస్టర్లు రాకముందు మొక్కజొన్న చేలో దీన్ని ట్రాక్టర్ వెనక కట్టి లాగేవారట. ముందు రోలర్లు చొప్పని కిందికి లాగితే పొత్తు తెగి వెనక్కి పోతుంది, వెనక రోలర్లు దాని తొక్కలు ఒలిచి బండిలోకి విసురుతాయి. సాన్వి దానికి డ్రాగన్ అని పేరు పెట్టింది. ఏడేళ్ళ పిల్లకి ఉన్న బుద్ధి వాళ్ళ నాన్నకి లేదు.

అక్టోబర్‌లో ఊళ్ళో పంటల పండగ చేస్తారు. పాత యంత్రాలన్నీ వరసగా నిలబెట్టి, ఒక్కోదాని ముందు ఒక అట్ట పెడతారు: చేసినవాళ్ళెవరు, ఏ మోడలు, ఏ సంవత్సరం. మా దాని మీద కంపెనీ పలక ఊడిపోయింది. మీరు ముప్పై ఏళ్ళు మెషీన్ టూల్స్‌తో బతికారు, ఇప్పుడేమో పాత యంత్రాల క్లబ్బు అని తిరుగుతున్నారు. ఇది ఎవరి బిడ్డో తేల్చి పెట్టండి. పెయింట్ వేసి నిలబెడితే మీ అల్లుడి సరదా తీరుతుంది.

ఇంకో మాట. మొన్న చర్చి వాళ్ళు ఊరందరికీ భోజనాలు పెట్టారు. అక్కడ చూశాను, ముసలాళ్ళలో కొందరికి చేతి వేళ్ళు లేవు. లాయిడ్ గారైతే కుడిచేతి గ్లవ్‌కి వేళ్ళు మడిచి కుట్టించుకున్నారు. యుద్ధంలోనా? అడగడానికి మొహమాటమేసింది.

మీ
నమ్రత

*

ఫ్రీమాంట్, కాలిఫోర్నియా
ఆగస్టు 13

చి.ల.సౌ. నమ్రతకి ఆశీస్సులు.

నీ ఉత్తరం మీ పిన్నికి కూడా చదివి వినిపించాను. దుబాసీ అన్నందుకు మూడు రోజుల దాకా నాకు పెసరట్టు లేదని తీర్పు చెప్పింది. శిక్ష పడాల్సింది నీకు.

యంత్రాన్ని గుర్తుపట్టడం పెళ్ళివారి ఆరా తీయడం లాంటిదే, పైపై మాటలు నమ్మకూడదు. రంగుని అసలు నమ్మకు. ఎవరి దగ్గర ఏ డబ్బా ఉంటే అది పూస్తారు. చక్రాలు మారిపోతాయి, రేకులు మారిపోతాయి. పోతపోసిన ఇనుము మాత్రం అబద్ధం చెప్పదు. గేరు పెట్టె, బేరింగులు కూర్చునే దిమ్మలు, పళ్ళ చక్రాలు, వీటి మీద ఉబ్బెత్తుగా అక్షరాలూ అంకెలూ ఉంటాయి. అది భాగం నంబరు. మొదటి అక్షరం చాలావరకు కంపెనీదై ఉంటుంది. తుప్పు పట్టి కనపడకపోతే వైరు బ్రష్‌తో గీకి, సుద్ద రుద్దు. అక్షరం తెల్లగా తేలుతుంది. ఒక్క చోట చూసి ఊరుకోకు, ముందు, మధ్య, వెనక, కుడి, ఎడమ అన్ని చోట్లా చూడు.

ఇది ఒకసారికి ఒక్క వరసే కోసే పికర్ అనుకుంటాను. నువ్వు చెప్పిన మెలికల గాట్ల రోలర్లని బట్టి పంతొమ్మిది వందల నలభైల నాటిది.

నిలబెట్టడానికేగా? నడపరుగా? ఊరికే అడుగుతున్నాను.

వేళ్ళ సంగతి ఎప్పుడైనా తీరిగ్గా మాట్లాడుకుందాం. సాన్విని షెడ్డులో ఆడుకోనివ్వకు, తుప్పు గీసుకుంటే టెటనస్.

బాబాయ్
వీరభద్రరావు

*

ఎల్మ్ గ్రోవ్
సెప్టెంబర్ 6

బాబాయ్‌కి,

మా ఇంట్లో సుద్ద లేదు. ముగ్గు పిండి ఉంది. లాయిడ్ గారు కంచె అవతలనుంచి చూస్తూ నిలబడ్డారు, నేను గేరు పెట్టెకి ముగ్గు పిండి రుద్దుతుంటే. మన ఆడవాళ్ళకి ఇదొక పూజ అనుకున్నారేమో, టోపీ తీశారు.

తెల్లగా తేలింది. W అక్షరం, తర్వాత అంకెలు. ముందు భాగంలో ఎక్కడ రుద్దినా W. ఆ ఫోటోలు మీ అల్లుడు పాత యంత్రాలు సేకరించేవాళ్ళ ఆన్‌లైన్ గ్రూపులో పెడితే, అది వెల్‌బర్న్ కంపెనీ నంబర్ సెవెన్ అని తేలింది. ఆ కంపెనీ ఎప్పుడో మూసేశారట. ఒకాయన దాని మాన్యువల్ స్కాన్ చేసి పంపించాడు. మా ఆయన దాన్ని ప్రింట్ తీయించి, అట్ట వేయించి, సుందరకాండ పారాయణం లాగా రోజూ చదువుతున్నాడు. ఫోటోలన్నీ మీకు పంపాను. ఎడమ వైపు మాత్రం గోడకి ఆనుకుని ఉంది, చెయ్యి కూడా దూరదు.

ఇక నేను దాచిన సంగతి. నిలబెట్టడానికే అని రాశాను కదా, అది ఆగస్టులోనే అబద్ధం. నడపడానికే. లాయిడ్ గారి పాత ట్రాక్టర్‌కి తగిలించి, ఆయన చేలో ఒక వరస కోసి చూపిస్తాడట. ఆయిల్ పోశాడు, గొలుసులు మార్చాడు, రోలర్లు అన్నిటికీ నున్నగా నల్ల పెయింట్ వేశాడు. మీకు చెప్తే వద్దంటారని, వద్దంటే మా ఆయన మొహం చిన్నబోతుందని రాయలేదు.

ఎందుకంటే బాబాయ్, మనిషి మారిపోయాడు. సాయంత్రం షెడ్డు తలుపు తీస్తే చాలు, రోడ్డు మీద పికప్పులు ఆగుతున్నాయి. దిగి వచ్చి, చుట్టూ తిరిగి చూసి, మా నాన్న దగ్గర ఇలాంటిదే ఉండేది అంటారు. పేరు అడుగుతారు. హార్డ్‌వేర్ షాపులో "నారా" అని పిలిచారని ఇంటికొచ్చి రెండుసార్లు చెప్పాడు. ఆ ఆనందం మీద నేనెలా నీళ్ళు పోయను?

కానీ ఒక్కటి గమనించాను. చేతి వేళ్ళు లేనివాళ్ళు కూడా వస్తారు. లాయిడ్ గారు తప్ప వాళ్ళెవరూ దగ్గరికి రారు, షెడ్డు గుమ్మం దగ్గరే నిలబడి చూసి వెళ్ళిపోతారు. మీరు పోయినసారి నా ప్రశ్న తప్పించారు. నేను చిన్నపిల్లని కాదు. చెప్పండి.

నమ్రత

*

ఫ్రీమాంట్
సెప్టెంబర్ 9

నమ్రతా,

అడిగావు కాబట్టి చెప్తున్నాను. యుద్ధం కాదమ్మా. ఈ యంత్రమే.

ఇదొక్కటే అని కాదు, ఈ జాతి అంతా. చేలో తడి చొప్ప రోలర్ల మధ్య ఇరుక్కుంటుంది. రైతు ట్రాక్టర్ దిగుతాడు. ఇంజను ఆపితే మళ్ళీ స్టార్ట్ చేయడం కష్టం, చలి, చీకటి పడుతోంది, పని మిగిలి ఉంది. ఆపకుండానే ఆ చొప్పని పట్టుకుని లాగుతాడు. చొప్ప కదిలిందా, రోలర్లు దాన్ని లాక్కుంటాయి. వదలాలి అని బుర్రకి తట్టేలోపే చెయ్యి లోపలికి పోతుంది. బలం ఉన్నవాడూ అంతే, లేనివాడూ అంతే. చేలో ఒక్కడే ఉంటాడు, కేక వేసినా వినేవాడుండడు. కొందరు చేతులు పోగొట్టుకున్నారు, కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. ఆ రోజుల్లో మొక్కజొన్న పండే ప్రతి ఊళ్ళోనూ అలాంటివాళ్ళు ఉండేవారు. మీ ఊళ్ళో గుమ్మం దగ్గర ఆగేవాళ్ళు వాళ్ళే.

నీ మొదటి ఉత్తరం చదివినప్పుడే ఇది రాసి ఉండాల్సింది. అల్లుడుగారు ముచ్చటపడి చేసుకుంటున్న పని, పిల్లనిచ్చిన ఇంటివాళ్ళం మనం అడ్డు చెప్పడం ఏం మర్యాద అని ఆగాను. మీ పిన్ని కూడా అదే అంది. ఇప్పటికీ నేరుగా రాయడానికి చెయ్యి రావడం లేదు. నా పేరు చెప్పకుండా నువ్వే నెమ్మదిగా చెప్పు.

ఫోటోలు చాలాసేపు చూశాను. ముందు భాగం వెల్‌బర్న్ నంబర్ సెవెనే, అనుమానం లేదు. కానీ వెనక బల్ల కాళ్ళ దగ్గర ఫ్రేము మీద వాడకుండా వదిలేసిన బోల్టు రంధ్రాలున్నాయి. వాటి పక్కనే కొత్తగా వేసిన రంధ్రాలు. ఒకే కంపెనీలో పుట్టిన యంత్రానికి అలా ఉండకూడదు. ఎడమ వైపు చూస్తే గానీ చెప్పలేను. దాన్ని గోడ దగ్గరనుంచి లాగిన రోజునే నాకు ఫోటోలు పంపు. అప్పటిదాకా నడపనివ్వకు.

బాబాయ్

*

ఎల్మ్ గ్రోవ్
అక్టోబర్ 2

బాబాయ్,

ఇన్నాళ్ళూ రాయనందుకు తిట్టండి, పడతాను. రాయడానికి మంచి వార్త లేక రాయలేదు.

మీ ఉత్తరం ఆయనకి చెప్పాను, మీ పేరు లేకుండా. ఇంటర్నెట్‌లో చదివానన్నాను. నవ్వాడు. మాన్యువల్ తెచ్చి ముందు పెట్టాడు. నంబర్ సెవెన్‌కి ట్రాక్టర్ సీటు దాకా ఒక తాడు ఉంటుంది. తాడు లాగితే గేరు పెట్టె దగ్గర క్లచ్చు విడిపోయి యంత్రం మొత్తం ఆగిపోతుంది. ఇంజను ఆపక్కర్లేదు. అది ఉండటం వల్లే ఆ రోజుల్లో జనం దీన్ని కొనుక్కున్నారట. చేతులు పోగొట్టుకున్నది తాడు లేని వేరే యంత్రాల మీద, మనదానికి తాడుంది, అన్నాడు. నేను మళ్ళీ ఎత్తితే, ఈ ఊళ్ళో నన్ను మొదటిసారి మనిషిలా చూస్తున్నారు, నువ్వు కూడా చూడలేకపోతే ఎలా అన్నాడు. ఆ మాటకి ఏడుపొచ్చింది. దాంతో మూడు వారాలు నోరు మూసుకున్నాను.

ఇవాళ లాయిడ్ గారు ట్రాక్టర్ తెచ్చి దాన్ని ఆరుబయటికి లాగారు. తగిలించి తిప్పి చూశారు. సీటు మీదనుంచి ఈయన తాడు లాగాడు. ముందు గొలుసులూ, మెలికల రోలర్లూ టక్కుమని ఆగాయి. చూశావా అన్నట్టు నావైపు చూశాడు. నాకూ ఊపిరి వచ్చింది, అబద్ధమెందుకు.

ఆ ఊపిరి సాయంత్రానికి పోయింది. దసరా ఇవాళైనా అమెరికాలో అది ఎప్పుడూ శనివారమే కదా వచ్చేది. ఎల్లుండి శనివారం మా ఇంట్లో ఆయుధ పూజట. సిటీలో ఉన్న మన తెలుగువాళ్ళని పిలిచాడు, ఊళ్ళోవాళ్ళనీ పిలిచాడు. పట్టు పంచె, ఉత్తరీయం తీసి ఇస్త్రీ చేయించాడు. కొత్త కారుకి గుళ్ళో చేయిస్తాం చూడండి, ఇంజను ఆన్‌లో ఉంచి, నిమ్మకాయ తొక్కించి, అలాగే దీనికీ చేస్తాడట. ట్రాక్టర్ ఇంజను వేడెక్కాక ఆపితే మళ్ళీ స్టార్ట్ కాదు, అందుకని ఆపడు. తాడు లాగుతాడు. యంత్రం ఆగాక, ఇంటి లక్ష్మి కాబట్టి సాన్వి చేత వెనక రోలర్లకి బొట్టు పెట్టిస్తాడు. ముందు రోలర్లు దానికి అందవు, వెనక బల్ల సరిగ్గా దాని ఎత్తు. పిల్ల అప్పుడే గోరింటాకు పెట్టించుకుంది, పది వేళ్ళ చివరలా.

తాడు లాగితే ఆగుతుంది, నేను కళ్ళారా చూశాను. అయినా ఎడమ వైపు ఫోటోలు పంపుతున్నాను. వెనక బల్ల దిమ్మలకి ముగ్గు పిండి రుద్దితే W రాలేదు, K వచ్చింది. వేరే ఫౌండ్రీలో పోయించి ఉంటారు అన్నాడు. అంతేనా? తొందరగా చెప్పండి.

నమ్రత

*

ఫ్రీమాంట్
అక్టోబర్ 3

నమ్రతా, ఇది చదవగానే బయటికి వెళ్ళు, తర్వాత మిగతాది చదువు. పిల్లని ఆ యంత్రం దగ్గరికి పోనివ్వకు.

అది ఒక యంత్రం కాదు. రెండు. ముందు సగం వెల్‌బర్న్. వెనక బల్ల ఇంకెవరిదో, K అక్షరం వాళ్ళది. పాత రోజుల్లో ఎవరో రైతు విరిగిపోయిన వాటిని రెండిటినీ కలిపి ఒకటి చేసుకున్నాడు. నువ్వు పంపిన మూడో ఫోటో పెద్దది చేసి చూడు. ఎడమ వైపు వెనక బల్లని తిప్పే గొలుసు ఎక్కడినుంచి బయల్దేరుతోందో చూడు. గేరు పెట్టెలోంచి కాదు. దానికి ముందు, ట్రాక్టర్‌నుంచి వచ్చే షాఫ్టు మీదనుంచే. అంటే క్లచ్చుకి ముందే. తాడు లాగితే ముందు సగమే ఆగుతుంది. ముందు ఇరుక్కున్నది తీసేటప్పుడు వెనక బల్ల ఖాళీ అవుతూ ఉండాలని కావాలనే అలా చేసుకున్నాడు. తను కట్టుకున్నది తనకి తెలుసు. మాన్యువల్‌కి తెలియదు.

నిన్న అల్లుడుగారు తాడు లాగినప్పుడు వెనక రోలర్లు తిరుగుతూనే ఉన్నాయి. రేకు మూత కింద చీకటి, ట్రాక్టర్ మోత. పైగా నున్నటి నల్ల పెయింట్. నున్నటి రోలర్ తిరుగుతున్నా ఆగినట్టే కనిపిస్తుంది.

నమ్మకపోతే ఇలా చూపించు. ట్రాక్టర్ నడుస్తూ, తాడు లాగి ఉండగా, దూరంగా నిలబడి ఏదైనా వెనక బల్ల మీదికి విసురు. చేత్తో పట్టుకుని పెట్టకు. విసిరి వదిలెయ్యి.

ఇంకోటి. తణుకు చక్కెర ఫ్యాక్టరీలో నేను పనిచేసినన్నాళ్ళూ ఆయుధ పూజ నాడు మిషన్లన్నీ ఆపి, చల్లారాక కడిగి బొట్టు పెట్టేవాళ్ళం. ఆ రోజు వాటికి సెలవు. తిరిగే దానికి ఎవరూ బొట్టు పెట్టరమ్మా. కారు పూజని తెచ్చి దీనికి అంటించాడు.

ఇక మర్యాదా లేదు, ఏమీ లేదు. అల్లుడుగారికి కూడా నేరుగా రాశాను, మీ పిన్ని చేత మీ ఇద్దరికీ ఫోన్ కూడా చేయించాను. ఎత్తలేదు. నువ్వైనా చదువు తల్లీ.

బాబాయ్

*

ఎల్మ్ గ్రోవ్
అక్టోబర్ 5

బాబాయ్,

నిన్న "అందరం క్షేమం" అని ఒక్క ముక్క పంపాను కదా. అంతకంటే టైప్ చేయడానికి చేతులు రాలేదు. ఇవాళ వచ్చాయి.

శుక్రవారం నేను పులిహోరకీ బొబ్బట్లకీ మునిగి ఉన్నాను, ఫోన్ చూడలేదు. ఆయన ఫోన్ షెడ్డులో ఛార్జింగ్‌లో మర్చిపోయాడు. శనివారం పొద్దున కార్లు ఆగుతుండగా, ఎవరో దారి అడిగితే మ్యాప్ పంపుదామని ఫోన్ తీశాను. మీ ఉత్తరం పైనే ఉంది. మొదటి వాక్యం చదివి చెప్పులు లేకుండా పరిగెత్తాను.

అప్పటికే ట్రాక్టర్ మోగుతోంది. లాయిడ్ గారు సీటు పక్కన నిలబడ్డారు. ఈయన పట్టు పంచెలో, ఉత్తరీయం భుజాన వేసుకుని తాడు పట్టుకుని ఉన్నాడు. చుట్టూ నలభైమంది దాకా. సాన్వి కుంకుమ భరిణె పట్టుకుని నిలబడింది. నేను వెళ్ళి పిల్ల రెక్క పట్టుకున్నాను. తాడు లాగాడు. ముందు గొలుసులు ఆగాయి. అందరూ చప్పట్లు కొట్టారు.

వెనకది ఆగలేదు, బాబాయ్ రాశారు, ఇది రెండు యంత్రాలు, అని గట్టిగా చెప్పాను. ఆ మోతలో సగం వినపడి ఉంటుంది. అందరిముందూ నవ్వాడు. మీ బాబాయిగారికి భయమెక్కువ, నీకు ఆయన పోలికే అన్నాడు. కోపంగా కాదు, ముద్దుగానే అన్నాడు. రా తల్లీ అని సాన్వికి చెయ్యి చాపాడు. పిల్ల నా చెయ్యి విదిలించుకుంటోంది. వాళ్ళ నాన్న ఊరందరి ముందూ తనని పిలుస్తున్నాడు కదా.

ఆ క్షణంలో నాకు కనపడింది ఆయన ఉత్తరీయం. భుజంమీదనుంచి లాగేశాను. దాని చివర పూజ పళ్ళెంలోని నిమ్మకాయ పెట్టి ముడేశాను. ముడి వేస్తుంటే రెండుసార్లు జారింది. సాన్విని కాళ్ళ మధ్య నొక్కి పట్టుకుని, అక్కడినుంచే వెనక బల్ల మీదికి విసిరాను.

నిమ్మకాయ రేకు మూత కింద పడింది. ఒక రెప్పపాటు ఏమీ కాలేదు. ఈయన నన్ను ఏదో అనబోయాడు. అంతలో ఉత్తరీయం పోయింది. పోవడం కనపడలేదు, ఉన్నది లేకుండా పోయింది. గాల్లో వేలాడుతున్న రెండో చివర కొరడాలా కొట్టుకుని అది కూడా లోపలికి వెళ్ళింది. పట్టు చిరిగిన చప్పుడు ట్రాక్టర్ మోతలో కూడా వినపడింది. తర్వాత ఒక్క నిమ్మగింజ వచ్చి సాన్వి పరికిణీ మీద పడింది.

లాయిడ్ గారు పరిగెత్తి ఇంజను ఆపేశారు. మీ అల్లుడు అలాగే నేల మీద కూలబడ్డాడు, పట్టు పంచెతోనే, ఆయిల్ మరకల్లో. సాన్వి నన్ను అడిగింది: "అమ్మా, నేను బొట్టు ఎక్కడ పెట్టాలి?"

నేను దాన్ని ఎత్తుకుని ఇంట్లోకి వచ్చేశాను. దాని వేళ్ళు నా నోట్లో పెట్టుకుని ఏడ్చాను. పిల్ల భయపడిపోయింది. ఇప్పటికీ మిక్సీ వేయలేకపోతున్నాను.

ఆయన నిన్నటినుంచి అన్నం తినలేదు. మీకు రాస్తానని ఇప్పుడే కంప్యూటర్ అడిగాడు.

నమ్రత

*

ఎల్మ్ గ్రోవ్
అక్టోబర్ 12

మామయ్యగారికి నమస్కారాలు.

ఇది రాయడం మొదలుపెట్టి వారమైంది. రోజూ రెండు వాక్యాలు రాసి తీసేస్తున్నాను. మీ ఉత్తరం నేను శనివారం సాయంత్రం చదివాను. ఛార్జింగ్‌లో ఉన్న ఫోన్‌లో. నమ్రత లేకపోతే, అది చదివేసరికి జరగాల్సింది జరిగిపోయి ఉండేది.

ఎడమ వైపు గొలుసు విప్పేశాను. షాఫ్టు తీసి లాయిడ్ గారికిచ్చాను, నా దగ్గర ఉంచుకోదలచుకోలేదు. ఆ రోజు అందరూ వెళ్ళాక ఆయన ఒక్కరే ఉండిపోయారు. నా పక్కన నేల మీద కూర్చుని గ్లవ్ తీసి చెయ్యి చూపించారు. "వేళ్ళు పోయిన రోజు నేనూ తాడు లాగాననే అనుకున్నాను" అన్నారు. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగాను. ఇక్కడ ఎవరూ ఆ మాట ఎత్తరట, పైగా నా చేతిలో పుస్తకం ఉంది కదా, నాకు తెలిసే ఉంటుందనుకున్నారట. పుస్తకం చూసి నేనూ అలాగే అనుకున్నాను. W కనపడగానే వెతకడం ఆపేశాను. నమ్రత ఆపలేదు.

నిన్న పండగలో యంత్రాన్ని నిలబెట్టాం, నడవకుండా. వెనక రోలర్లలో ఉత్తరీయం సగం ఇంకా ఇరుక్కునే ఉంది, జరీ అంచు బయటికి కనపడుతుంది. తీయలేదు. జనం అదేమిటని అడిగారు, నేను ఉన్నదున్నట్టు చెప్పాను. మా షెడ్డు గుమ్మం దగ్గరే ఆగిపోయే ఒక పెద్దాయన, వేళ్ళు లేనివారు, ఈసారి నా పక్కకి వచ్చి నిలబడ్డారు. వినేవాళ్ళకి తన చెయ్యి కూడా చూపించారు. అట్ట మీద ఇలా రాశాను: ముందు సగం వెల్‌బర్న్ నంబర్ సెవెన్. వెనక సగం K, కంపెనీ తెలియదు. కలిపినవారు ఎవరో తెలియదు. తాడు లాగితే ముందు సగమే ఆగుతుంది.

మీరు మర్యాద కోసం ఆగారని నమ్రత చెప్పింది. ఇకమీదట నాకు ఆ మర్యాద వద్దు మామయ్యగారూ. తిట్టాల్సినప్పుడు తిట్టండి.

ఇవాళ పొద్దున సాన్వి ఎదురుగా కూర్చుని ఇడ్లీ తింటోంది. చట్నీ వేళ్ళకి అంటుకుంటే ఒక్కో వేలూ నాకుతోంది. నేను చూస్తూ ఉండిపోయాను. "నాన్నా, అలా చూడకు" అంది. గోరింటాకు ఇంకా ఎర్రగానే ఉంది.

మీ
నరసింహ